సెలవు అడిగినా ఇవ్వకపోతే, ఏడాది చివర అది పోయినట్టేనా?

హాజరుపట్టీ:
అందరికీ నమస్కారం. ఒక కంపెనీలో జీతాలు, హాజరు, సెలవుల రికార్డులు చూసే పని నాది. మాకు ఇండియాతో పాటు బయటి దేశాల్లోనూ ఆఫీసులున్నాయి. ఇప్పటిదాకా ఎక్కడి రూల్స్ అక్కడే. ఇప్పుడు అందరికీ కలిపి ఒకటే లీవ్ పాలసీ రాయమన్నారు. అందులో ఈ వాక్యం మాత్రం ఉండి తీరాలట: "డిసెంబర్ 31 లోగా వాడుకోని వార్షిక సెలవులు రద్దవుతాయి. వాటికి డబ్బు ఇవ్వబడదు."

ఇది రాయడానికి నాకు మనసొప్పడం లేదు. వాడుకోని సెలవు వేరు, వాడుకోనివ్వని సెలవు వేరు. రికార్డుల్లో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకావిడ ఏప్రిల్ నుంచి అడుగుతూనే ఉంది. ఏప్రిల్‌లో ఆడిట్ అన్నారు, జూన్‌లో మనుషుల్లేరన్నారు, అక్టోబర్‌లో ఆర్డర్ల ఒత్తిడి అన్నారు. ఆమె పక్క సీటాయన అసలు అడగనే లేదు, తర్వాత డబ్బు చేసుకోవచ్చని దాచుకున్నాడు. జనవరి 1న సాఫ్ట్‌వేర్ ఇద్దరి బ్యాలెన్సూ సున్నా చేసేస్తుంది.

చట్టం ఈ ఇద్దరినీ ఒకే గాటన కడుతుందా? ఏ దేశంలో ఎలా ఉందో తెలిసినవాళ్లు చెప్పండి. విన్న మాట కాకుండా చట్టంలో ఉన్న మాట కావాలి. వచ్చే వారం మీటింగ్‌లో నేను చెప్పేది నిలబడాలి.

నల్లకోటు:
హాజరుపట్టీ గారూ, ఒకే గాటన కట్టదు. ఇండియా సంగతి నేను చెప్తాను.

1948 ఫ్యాక్టరీల చట్టంలో 79వ సెక్షన్ చూడండి. క్యాలెండర్ ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి, చేసిన ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున మరుసటి ఏడాది జీతంతో సెలవు. మిగిలిపోయినవి తర్వాతి ఏడాదికి వెళ్తాయి, 30 రోజుల పరిమితితో. ఇంతవరకు చాలామందికి తెలుసు. దాని కిందే ఉన్న మినహాయింపు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేస్తారు. పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టుకున్నా సెలవు ఇవ్వకపోతే, ఆ నిరాకరించిన సెలవును ఏ పరిమితీ లేకుండా ముందుకు తీసుకెళ్లే హక్కు కార్మికుడికి ఉందని అక్కడ రాసి ఉంది. మీరు చెప్పిన ఆవిడకు కావలసింది ఆ రెండు లైన్లే.

ఇప్పుడు ఈ చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమలు. అందులో 32వ సెక్షన్ మీకు పని చేస్తుంది. 240 రోజుల షరతు 180కి తగ్గింది. 20 రోజులకు ఒకటి అన్న లెక్క మారలేదు. 30 రోజుల పరిమితి, నిరాకరించిన సెలవుకు పరిమితి లేకపోవడం, రెండూ అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చిందేమిటంటే, ఏడాది చివర కార్మికుడు అడిగితే సెలవును డబ్బుగా మార్చి ఇవ్వాలి. 30 దాటి మిగిలినవాటికీ డబ్బు అడగవచ్చు. అంటే "రద్దవుతాయి" అన్న మాటా చెల్లదు, "డబ్బు ఇవ్వబడదు" అన్న మాటా చెల్లదు.

ఒక్క హెచ్చరిక. ఈ కోడ్ "వర్కర్" అన్న నిర్వచనంలోకి వచ్చేవారికి. మేనేజర్ హోదాలో ఉన్నవారు అందులోకి రారు. వాళ్లకు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏముందో, ఆ రాష్ట్రపు దుకాణాలు, సంస్థల చట్టంలో ఏముందో చూడాలి. ఆ చట్టాలు రాష్ట్రానికొకటి, అంకెలు కూడా వేరు. ఇండియా మొత్తానికి ఒకే లైన్ రాసేటప్పుడు ఇక్కడే ఇరుక్కుంటారు.

ప్లాంట్_ఇన్‌చార్జ్:
నేను సెలవు మంజూరు చేసే వైపు కూర్చుంటాను, కాబట్టి అటువైపు మాట కూడా వినండి. నా దగ్గర ఒక్కో షిఫ్ట్‌లో ఆ యంత్రం నడపగలిగినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ ఒకే వారం అడుగుతారు. ఏడాదంతా ఊరుకుని డిసెంబర్‌లో అందరూ ఒకేసారి మీద పడతారు. "లేదు" అనక తప్పని పరిస్థితి నాది. చివరి తేదీ అంటూ లేకపోతే సెలవులు గుట్టలా పేరుకుపోతాయి. ఒక మనిషి రెండు నెలలు కనిపించకుండా పోతే లైన్ ఎవరు నడపాలి? చివరి తేదీ పెట్టడం తప్పని నేను అనుకోను. ఆ తేదీ చూసే చాలామంది కదులుతారు.

షిఫ్ట్_బి:
ఇన్‌చార్జ్ గారూ, మీరు "లేదు" అంటున్నారు కదా, అది చాలా నయం. మా దగ్గర "లేదు" అని కూడా అనరు.

మాకు ఫోన్‌లో యాప్ ఉంది. సెలవు పెడితే పసుపు రంగులో "పెండింగ్" అని పడుతుంది. సూపర్‌వైజర్ అప్రూవ్ నొక్కడు, రిజెక్ట్ నొక్కడు. అడిగితే "చూద్దాంలే" అంటాడు. మనం అడిగిన తేదీ దాటిపోగానే ఆ రిక్వెస్ట్ దానంతట అదే "గడువు ముగిసింది" అని మారిపోతుంది. కొత్త ఏడాది రాగానే పాత ఏడాది పేజీయే తెరుచుకోదు. అంటే నేను అడిగినట్టు సాక్ష్యం లేదు, వాళ్లు కాదన్నట్టూ సాక్ష్యం లేదు. నల్లకోటు గారు చెప్పిన ఆ "నిరాకరించిన సెలవు" కిందికి నాది వస్తుందా, రాదా? ఎవరూ నిరాకరించలేదు కదా, నోరే విప్పలేదు.

మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు కూడా ఇలాగే పెండింగ్‌లో పెట్టారు. చివరికి జీతం నష్టంతో వెళ్లాను. బ్యాలెన్స్‌లో మాత్రం ఈఎల్ (జీతంతో వచ్చే వార్షిక సెలవు) నిండుగా ఉంది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నల్లకోటు:
తమ్ముడూ, వస్తుంది. చట్టంలో వాడిన మాట "దరఖాస్తు పెట్టుకుని, సెలవు ఇవ్వబడనివారు". మౌనంగా ఉన్నా ఇవ్వనట్టే. నీ అసలు సమస్య రుజువు. కాబట్టి ఇవాళ్టి నుంచి యాప్‌లో పెట్టడంతో ఆగవద్దు. అదే రోజు సూపర్‌వైజర్‌కీ హెచ్‌ఆర్‌కీ కలిపి ఒక మెయిల్ పెట్టు. "ఫలానా తేదీల నుంచి ఫలానా తేదీల వరకు ఇన్ని రోజులు వార్షిక సెలవు కోరుతున్నాను. యాప్‌లో ఫలానా తేదీన దరఖాస్తు పెట్టాను." అంతే, రెండు వాక్యాలు. పసుపు రంగు స్క్రీన్‌షాట్ దానికి జత చెయ్యి. తేదీ దాటిపోయాక అదే మెయిల్‌కు రిప్లై కొట్టి, "పై సెలవు మంజూరు కాలేదు, కాబట్టి ముందుకు తీసుకెళ్లగలరు" అని రాయి. కోపం, ఆరోపణలు ఏమీ వద్దు. రేపు లేబర్ ఆఫీసర్ ముందు పెట్టేది ఆ మెయిల్స్ వరసే.

పద్ధతి ప్రకారం అన్నాను కదా, పాత చట్టంలో ఆ పద్ధతి స్పష్టంగా ఉంది. సెలవు మొదలయ్యే రోజుకు కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. ప్రజోపయోగ సేవల్లో అయితే 30 రోజులు. ఏడాదిలో మూడు విడతలకు మించకూడదు. జబ్బు చేసి సెలవు కావాలంటే మాత్రం ఆ 15 రోజుల నియమం అడ్డం రాదు. కొత్త కోడ్ కింద ఎలా అడగాలన్నది ఇప్పుడు రూల్స్ చూసుకోవాలి గానీ, 15 రోజుల ముందు, కాగితం మీద అన్న అలవాటు ఎక్కడైనా కాపాడుతుంది.

ఇన్‌చార్జ్ గారూ, మీ బాధ చట్టం ఎరుగనిదేమీ కాదు. పని ఆగకుండా ఉండేందుకు, వర్క్స్ కమిటీతో గానీ కార్మికుల ప్రతినిధులతో గానీ ఒప్పందం చేసుకుని సెలవుల పథకం రాసి ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వవచ్చని పాత చట్టం 79వ సెక్షన్‌లోనే ఉండేది. ఆ పథకం ప్రకారం కాదంటే సరే. పథకమే లేకుండా, నోటిమాటగా "ఈ నెల కాదు" అంటే ఆ సెలవు మీ నెత్తి మీదే ఉంటుంది.

లెక్కల_పంతులు:
మాటల్లో చెప్తే తేలిగ్గా అనిపిస్తుంది, బ్యాలెన్స్ దగ్గరికొచ్చేసరికి తికమక. ఒక లెక్క వేసి చూపిస్తాను.

ఒకాయన ఏడాదిలో 272 రోజులు పనిచేశాడు. 272ని 20తో భాగిస్తే 13.6. సగం గానీ, సగానికి మించి గానీ ఉంటే పూర్తి రోజుగా లెక్కించాలి, కాబట్టి 14. అదే 264 రోజులైతే 13.2, అక్కడ 0.2 పోతుంది, 13 రోజులే. ఇప్పుడు ఆ 14కి పాత బ్యాలెన్స్ 28 కలిపితే 42. ఏమీ వాడుకోలేదు, ఏమీ అడగలేదు. ముందుకు వెళ్లేవి 30. మిగిలిన 12 పాత చట్టం ప్రకారం చేజారేవి, కొత్త కోడ్ ప్రకారం డబ్బుగా అడగవచ్చు.

ఇప్పుడు అదే మనిషి 12 రోజులు రాసి అడిగాడు, ఇవ్వలేదు అనుకోండి. ఆ 12 పరిమితి బయట ఉంటాయి. మొత్తం 42 ముందుకు వెళ్తాయి. హాజరుపట్టీ గారూ, మీ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక వేరే గడి ఉండాలి. "అడిగినా ఇవ్వనివి" అన్న కాలమ్ లేకుండా ఈ చట్టాన్ని అమలు చేయడం కుదరదు. చాలా చోట్ల జరిగే అన్యాయం అక్కడే పుడుతుంది, ఎవరో కావాలని చేసినట్టు కూడా కనిపించదు.

ఇంకొకటి. మధ్యలో వచ్చిన ఆదివారాలు, పండగ సెలవులు ఈ రోజుల్లోకి రావు. సెలవుకు ముందు వచ్చినా, వెనక వచ్చినా, మధ్యలో వచ్చినా సరే. సోమవారం నుంచి పక్క సోమవారం దాకా సెలవు పెడితే ఆదివారాన్ని కూడా కోసేసే చోట్లు ఇంకా ఉన్నాయి. మీ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.

జర్మనీ_తెలుగు:
యూరప్ వైపు నుంచి. ఇక్కడ మీ వాక్యం 2018 వరకు కొంత నడిచేది. ఆ ఏడాది నవంబర్ 6న యూరోపియన్ న్యాయస్థానం మాక్స్ ప్లాంక్ సంస్థ కేసులో తీర్పు ఇచ్చింది. ఉద్యోగి అడగలేదు కాబట్టి సెలవు దానంతట అదే పోయింది అనడం కుదరదు. నీకు ఇన్ని రోజులున్నాయి, ఫలానా తేదీలోగా వాడుకో, లేకపోతే పోతాయి అని యజమాని సకాలంలో స్పష్టంగా చెప్పి ఉండాలి. నిజంగా వాడుకునే వీలు కల్పించి ఉండాలి. అలా చేశానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. 2019 ఫిబ్రవరిలో జర్మనీ కార్మిక న్యాయస్థానం దాన్నే ఇక్కడి చట్టానికి వర్తింపజేసింది. మా కంపెనీ నుంచి ఇప్పుడు ఏటా మెయిల్ వస్తుంది, నా పేరు మీద, నా రోజుల లెక్కతో.

కాబట్టి ఇండియా చట్టం "అడిగినవాడికి రక్షణ" అంటే, ఇక్కడ అడగనివాడికీ రక్షణ ఉంది. మీ పక్క సీటాయన ఇక్కడ ఉంటే, చెప్పకుండా ఆయన సెలవు తీసేయడం కుదరదు. చెప్పి, వీలిచ్చి, ఆయనే కావాలని వదులుకుంటే పోతుంది. ఇన్‌చార్జ్ గారు అడిగిన చివరి తేదీ ఇక్కడా ఉంది, దానికి ముందు యజమాని పని యజమాని చేసి ఉండాలి, అంతే తేడా.

కనీసం ఎంత అంటే, యూరోపియన్ యూనియన్ 2003/88 డైరెక్టివ్ ఏడో ఆర్టికల్ ప్రకారం నాలుగు వారాలు. జర్మనీ చట్టంలో 24 రోజులని ఉంటుంది, అది వారానికి ఆరు పనిదినాల లెక్క. ఐదు రోజుల వారానికి 20. రెండూ నాలుగు వారాలే. ఇంకో మంచి రూల్: సెలవులో ఉండగా జబ్బు పడి డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు సెలవు ఖాతాలోంచి కోయరు.

వానచినుకు:
యూకే. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చినా ఈ విషయంలో వెనక్కి పోలేదు. 5.6 వారాలు, గరిష్ఠంగా 28 రోజులు, అందులో బ్యాంక్ హాలిడేలు (ఇక్కడి ప్రభుత్వ సెలవు దినాలు) కలిపేయవచ్చు. 2024 జనవరి నుంచి రూల్స్‌లోనే రాశారు: యజమాని వాడుకునే అవకాశం ఇవ్వకపోయినా, ప్రోత్సహించకపోయినా, పోతాయని ముందే చెప్పకపోయినా, అందులో నాలుగు వారాల సెలవు తర్వాతి ఏడాదికి వెళ్తుంది.

గంటల లెక్కన పనిచేసేవాళ్లు మీ దగ్గర ఉంటే 12.07 శాతం అన్న అంకె గుర్తు పెట్టుకోండి. 52 వారాల్లోంచి 5.6 తీసేస్తే 46.4. 5.6ని 46.4తో భాగిస్తే అదే వస్తుంది. పనిచేసిన గంటల్లో అంత శాతం సెలవుగా జమ అవుతుంది. "నువ్వు పర్మనెంట్ కాదు, నీకు సెలవేంటి" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

పసిఫిక్_తీరం:
అమెరికా గురించి ఎవరూ రాయలేదు. దేశం మొత్తానికి వర్తించే చట్టం ఏదీ ప్రైవేటు యజమాని జీతంతో సెలవు ఇవ్వాలని చెప్పదు. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం పనిచేయని రోజుకు జీతం అడగదు. అంతా కాంట్రాక్ట్, లేదా రాష్ట్రం.

అయితే కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. ఒకసారి ఇస్తానని ఒప్పుకుని సెలవు జమ అవడం మొదలైందంటే, అది సంపాదించిన జీతంతో సమానం. 1982లో అక్కడి సుప్రీం కోర్టు చెప్పింది. ఏడాది చివర రద్దు అన్న షరతు చెల్లదు. ఇంతకు మించి జమ కాదు అని పైపరిమితి పెట్టుకోవచ్చు, ఉన్నదాన్ని తుడిచేయకూడదు. ఉద్యోగం మానేస్తే ఆఖరి జీతంతో పాటు ఇచ్చేయాలి.

మీ కంపెనీలో ఎవరైనా "అన్‌లిమిటెడ్ లీవ్" పెడదాం అంటే జాగ్రత్త. వినడానికి బాగుంటుంది. కానీ అందులో ఖాతాలో జమ అయ్యే రోజులంటూ ఉండవు, కాబట్టి వెళ్లిపోయేటప్పుడు చూపించి అడగడానికి ఏమీ మిగలకుండా పోయే ప్రమాదం ఉంది. అడగడానికి మొహమాటపడేవాళ్లు అసలే నష్టపోతారు.

ఇసుకగాలి:
గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది కూడా చేర్చండి. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం ఏడాది నిండితే 30 రోజులు. ఆరు నెలలు దాటి ఏడాది నిండకపోతే నెలకు రెండు రోజులు. రెండేళ్లకు మించి సెలవు వాడుకోనివ్వకుండా యజమాని ఆపకూడదు, ఉద్యోగే ముందుకు తీసుకెళ్తాననో డబ్బు తీసుకుంటాననో అంటే తప్ప. సౌదీలో 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు దాటితే 30. ఉద్యోగంలో ఉన్నంతకాలం సెలవు బదులు డబ్బు తీసుకోవడం అక్కడ కుదరదు. మానేసేటప్పుడు మిగిలినవాటికి డబ్బు వస్తుంది.

చాలామందికి కాంట్రాక్ట్‌లో ఏముందో తెలియదు, రెండేళ్లకొకసారి టికెట్ ఇస్తే అదే సెలవు అనుకుంటారు. టికెట్ వేరు, సెలవు జీతం వేరు. దయచేసి రెండూ విడిగా అడగండి.

తూర్పుగాలి:
అందరి మాటా విన్నాక నాకొక అనుమానం. సెలవు ఇవ్వలేకపోతే డబ్బు ఇచ్చేస్తే పోలేదా? నాకైతే సెలవు కన్నా డబ్బే కావాలి. ఇల్లు గడవాలి కదా. కంపెనీకి పని ఆగదు, నాకు నాలుగు రాళ్లు వస్తాయి. దీంట్లో చట్టం అడ్డుపడటం ఎందుకు?

పాతకార్మికుడు:
తూర్పుగాలీ, నీ అవసరం నాకు తెలుసు. జీతం చాలనివాడికి సెలవు డబ్బులాగే కనిపిస్తుంది, ఆ తప్పు వాడిది కాదు. కానీ జీతంతో సెలవు అన్న హక్కు ఎందుకు పుట్టిందో చూడు. 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన మొదటి ఒప్పందంలో ఏడాదికి ఆరు పనిదినాలే. 1948 డిసెంబర్ 10న మానవ హక్కుల ప్రకటనలో 24వ ఆర్టికల్‌గా విశ్రాంతి హక్కు, పని గంటలకు హద్దు, జీతంతో సెలవులు చేర్చారు. మన ఫ్యాక్టరీల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. 1970లో ఆ కార్మిక సంస్థ తెచ్చిన 132వ ఒప్పందంలో సెలవు మూడు వారాలైంది. సెలవును ముక్కలు చేసినా, మామూలుగా ఒక ముక్క రెండు వారాలకు తగ్గకుండా ఏకబిగిన ఉండాలన్నారు. ఆ కనీస సెలవును డబ్బు కోసం గానీ మరోదాని కోసం గానీ వదులుకుంటానని రాసిచ్చినా ఆ రాత చెల్లదన్నారు.

ఎందుకంటే, అమ్ముకోవచ్చు అన్న రోజున అడిగేవాడూ ఉండడు, ఇచ్చేవాడూ ఉండడు. నేను ఫర్నేస్ దగ్గర పనిచేశాను. వరసగా నెలల తరబడి సెలవు లేకుండా చేసినవాడి చెయ్యి ఎలా తడబడుతుందో, హెచ్చరిక గంట మోగినా ఎంత ఆలస్యంగా తల తిప్పుతాడో కళ్లారా చూశాను. వాడి ఒంటి అలసటకు పక్కనున్నవాడు కూడా బలి అవుతాడు. డబ్బు ఆ అలసటను తీర్చదు. నీకు జీతం చాలకపోతే జీతం కోసం పోరాడదాం, నేనూ వస్తాను. సెలవు అమ్మి ఆ లోటు పూడ్చుకోమని మాత్రం ఎవరికీ చెప్పను.

జపాన్‌లో చూడు. చట్టం రోజులిచ్చినా జనం తీసుకోవడం లేదని, 2019 ఏప్రిల్ నుంచి పది రోజులు అంతకు మించి సెలవు హక్కు ఉన్న ప్రతి ఉద్యోగి చేత కనీసం ఐదు రోజులు వాడించే బాధ్యత యజమాని మీద పెట్టారు. అడిగావా లేదా అన్న ప్రశ్నే లేదు.

తూర్పుగాలి:
ఫర్నేస్ మాట నిజమే బాబాయ్. కానీ కొత్త కోడ్‌లో డబ్బు అడగవచ్చు అని నల్లకోటు గారు రాశారు. మరి ఇండియా అమ్ముకోవడానికి ఒప్పుకున్నట్టే కదా?

నల్లకోటు:
ఒప్పుకుంది, కార్మికుడు తానుగా అడిగితే. యజమాని "సెలవు ఇవ్వను, డబ్బు తీసుకో" అనడానికి కాదు. ఈ తేడా పాలసీలో కనిపించాలి. నా సొంత అభిప్రాయం అడిగితే పాతకార్మికుడు గారి వైపే. ఏటా కొన్ని రోజులైనా తప్పనిసరిగా వాడాకే మిగిలినవి డబ్బు చేసుకునే వీలుండాలి.

ప్లాంట్_ఇన్‌చార్జ్:
జర్మనీ పద్ధతి నాకు నచ్చింది. నేను అడిగిన చివరి తేదీ అందులో ఉంది, నా బాధ్యత ఏమిటో కూడా ఉంది. మొదటి మూడు నెలల్లోనే అందరి చేత తేదీలు రాయించి గోడ మీద పెడితే డిసెంబర్ గొడవ సగం తగ్గుతుంది. మూడో మనిషికి ఆ యంత్రం నేర్పించాలి, అది నేనే పైవాళ్లతో మాట్లాడాలి. షిఫ్ట్_బి, మీ సూపర్‌వైజర్ చేసింది మాత్రం తప్పే. కాదనాలంటే కాదని రాసివ్వాలి, దాంతో పాటు ఎప్పుడు కుదురుతుందో తేదీ కూడా చెప్పాలి.

హాజరుపట్టీ:
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. రాత్రి కూర్చుని ఆ వాక్యం స్థానంలో ఇలా రాశాను. చూసి చెప్పండి.

"ప్రతి ఉద్యోగికి అక్టోబర్ 1 లోగా మిగిలిన సెలవుల లెక్క, వాడుకోవాల్సిన చివరి తేదీ రాతపూర్వకంగా తెలియజేయబడును. దరఖాస్తుకు ఏడు రోజుల్లోగా అవును, కాదు అని జవాబు ఇవ్వాలి. కాదంటే కారణం, ప్రత్యామ్నాయ తేదీలు రాయాలి. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే ఆ సెలవు నిరాకరించినట్టుగా నమోదవుతుంది. నిరాకరించిన సెలవులు ఏ పరిమితీ లేకుండా తర్వాతి ఏడాదికి వెళ్తాయి. స్థానిక చట్టం ఇంతకన్నా మేలైన హక్కు ఇస్తే అదే వర్తిస్తుంది."

లెక్కల పంతులు గారు చెప్పిన కాలమ్ కోసం సాఫ్ట్‌వేర్ వాళ్లకు రిక్వెస్ట్ పెట్టేశాను. ఆదివారం కోత సెట్టింగ్ చూశాను, రెండు బ్రాంచీల్లో కోస్తోంది. అది ఇవాళే ఆపించాను.

జర్మనీ_తెలుగు:
చాలా బాగుంది. అక్టోబర్ మాత్రం ఆలస్యం. అప్పటికి నాలుగు వారాలు మిగిలి ఉన్నవాళ్లు అందరూ మూడు నెలల్లో ఇరుకుతారు, ఇన్‌చార్జ్ గారి కష్టం మళ్లీ మొదటికొస్తుంది. ఏడాది మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పంపండి. "రాతపూర్వకంగా" పక్కన "ఒక్కొక్కరికి విడిగా" అని చేర్చండి. నోటీసు బోర్డు మీద అందరికీ కలిపి అంటిస్తే ఇక్కడ చాలదు.

నల్లకోటు:
"నిరాకరించినట్టుగా నమోదవుతుంది" అన్న లైన్‌ను ఎవరు తీసేయమన్నా తీయకండి. మొత్తం పాలసీలో పనిచేసేది అదే. ఇంకో లైన్ చేర్చండి: రాజీనామా చేసినా, తొలగించినా, చనిపోయినా మిగిలిన సెలవులకు డబ్బు ఇవ్వాలి. ఇండియాలో మానేసినవారికి, తొలగించినవారికి రెండో పనిదినం ముగిసేలోగా అని పాత ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. చనిపోతే వారసులకు రెండు నెలల్లోగా. తొలగించేటప్పుడు మిగిలిన సెలవును నోటీసు కాలంలో కలిపేసి ఎగ్గొట్టకూడదని కూడా అక్కడే ఉండేది. ఫుల్ అండ్ ఫైనల్ (మానేసినవారి ఆఖరి లెక్క) అంటూ నెలల తరబడి తిప్పే అలవాటుకు ఈ లైన్ అవసరం.

హాజరుపట్టీ:
రెండూ చేర్చాను. జనవరి, జూలై అని పెట్టాను. మీటింగ్ మంగళవారం.

షిఫ్ట్_బి:
అక్కా, మీటింగ్‌లో మా పెండింగ్ సంగతి కూడా చెప్పండి. నేను నల్లకోటు గారు చెప్పినట్టే ఈ పొద్దున మెయిల్ పెట్టాను, రెండు వాక్యాలే. హెచ్‌ఆర్ నుంచి "అందింది" అని జవాబొచ్చింది. అంత మాత్రానికే చాలా ధైర్యంగా ఉంది.

కొత్తసభ్యురాలు:
చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. ఒక చిన్న సందేహం. నేను జూలై 1న చేరాను. ఏడాదిలో 180 రోజులు పనిచేసే వీలే లేదు కదా, వారాంతాలు తీసేస్తే. మరి ఈ ఏడాదికి నాకు సెలవు సున్నాయేనా? మా హెచ్‌ఆర్ అలాగే అంటున్నారు.

లెక్కల_పంతులు:
సున్నా కాదమ్మా. జనవరి 1 తర్వాత చేరినవారికి వేరే లెక్క ఉంది. చేరిన రోజు నుంచి డిసెంబర్ 31 దాకా మిగిలిన రోజుల్లో నాలుగో వంతు పనిచేస్తే చాలని కొత్త కోడ్‌లో ఉంది. జూలై 1 నుంచి 184 రోజులు, నాలుగో వంతు 46. పాత చట్టంలో అయితే ఇది మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 123 రోజులు. మీరు డిసెంబర్ చివరికి, ఉదాహరణకు, 130 రోజులు పనిచేసి ఉంటే 6.5, సగం ఉంది కాబట్టి 7 రోజులు. హెచ్‌ఆర్‌కు 32వ సెక్షన్ అని రాసి, ఈ లెక్క కింద వేసి పంపండి.